సవాకిలో ప్లేటు

నారాయణఖేడు ప్రాంతపు జాతరలలో కుస్తీపోటీ కొబ్బరికాయతో మొదలై వెండికడియముతో ముగియును. మొలత్రాడుపై లంగోటి బిగించిన పసివాండ్రు ముందుగా బరిలో దిగి కొబ్బరికాయకై పెనుగులాడుదురు. ప్రొద్దు వ్రాలువేళకు, ఎల్లకావలి కన్నడ మరాఠీ గ్రామములనుండి వచ్చిన పహిల్వానులు కడియమునకై తొడ చరచుదురు. ఆ కొబ్బరికాయకును ఈ కడియమునకును నడుమ ఎన్ని యేండ్లున్నవో, ఎన్ని దండీలున్నవో, ఎన్ని బస్కీలున్నవో లెక్కగట్టగలవాడు కుస్తీ నేర్పు వస్తాదొక్కడే. ఆ లెక్కను గూర్చియే నేను వ్రాయబూనితిని.

ఈ తాలూకా 1956 వరకు బీదరు జిల్లాలోనిది. తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ ఒక్క అంగడిలోనే కలిసి వినవచ్చు సీమ. కుస్తీశాలకు తాలీము, గురువునకు వస్తాదు, పహిల్వాను తిండికి ఖురాకు అను మాటలిచట పరాయివి కావు.

మంచి వస్తాదు కొత్తవానికి మొదటినాడే గద చేతికీయడు. గోదా మన్ను త్రవ్వించును, ఇరువది దండీలు తీయించును, ఇరువదియొకటవది తీయగలనని కుఱ్ఱవాడు ఉబలాటపడుచున్నను చాలు లెమ్మనును. ఆ "చాలు" అను మాటలోనే విద్యయంతయు నున్నది. ఊపిరి ఎక్కడ తప్పుచున్నదో, నడుము ఎక్కడ వంగుచున్నదో, మోచేయి ఎప్పుడు వణకుచున్నదో కనిపెట్టి, దేహము ఓడకముందే దానిని ఆపి, మరునాటికి ఆకలిగొన్న బలమును మిగిల్చి పంపుట సామాన్యుల పని కాదు. నేటి శాస్త్రజ్ఞులు "ఒకటి రెండు రెప్పులు, అనగా ఎత్తులు, చేతిలో నుంచుకొనుము" అని చెప్పుచున్నదానిని గోదాగట్టున కూర్చుండిన వస్తాదు కంటిచూపుతో చెప్పగలడు.

ఇనుపబరువుల విద్యకు ఈ లెక్కను కాగితముపై పెట్టినవాడు అమెరికా సైనికవైద్యుడు థామస్ డెలోర్మ్. యుద్ధములో మోకాళ్లు దెబ్బతిన్న సైనికులకు క్రమముగా బరువు పెంచుచు వ్యాయామము చేయించి, 1945లో ఆ పద్ధతిని ప్రకటించెను. తొలుత పదేసి రెప్పుల చొప్పున ఏడు మొదలు పది సెట్లవరకు చేయించినవాడే, 1948 నాటికి అంత యక్కరలేదని గ్రహించి మూడింటికి తగ్గించెను: పదిమారులు మాత్రమే ఎత్తగల బరువేదో తేల్చుకొని, మొదటి సెట్టు అందులో సగముతో, రెండవది ముప్పాతికతో, మూడవది పూర్తిబరువుతో. తన పద్ధతిని తానే తగ్గించుకొన్న ఆ వివేకమునకు చేయెత్తి మ్రొక్కవలెను.

తక్కిన లెక్క కష్టమైనది కాదు. ఒక్కమారు మాత్రమే ఎత్తగల బరువును నూరుపాళ్లుగా నెంచినచో, సుమారు ఎనుబదియైదు పాళ్ల బరువును ఐదారు మారులును, డెబ్బదియైదు పాళ్ల బరువును పదిమారులును ఎత్తగలము. బలము కోరువాడు బరువు హెచ్చించి రెప్పులను ఐదులోపల నుంచి, సెట్టునకు సెట్టునకు నడుమ మూడు నాలుగు నిమిషములు నెమ్మదిగా కూర్చుండవలెను. కండ కోరువానికి ఆరు మొదలు పండ్రెండువరకు అనువైన మేర; తేలికబరువుతోనైనను అలసట యంచువరకు పోయినచో కండ పెరుగునని ఇటీవలి పరిశోధనలు చెప్పుచున్నవి గాని, బలమునకు మాత్రము బరువే కావలెను. కొత్తవానికి నేను చెప్పునది ఇంతే: నీకు తగిన బరువుతో, ఉదాహరణకు నలుబది కిలోలతో, ఎనిమిదేసి రెప్పులు మూడు సెట్లు మొదలుపెట్టుము, మూడు సెట్లలోను పండ్రెండేసి నిండుగా వచ్చినదాక బరువు ముట్టకుము, వచ్చిననాడు బారునకు చెరియొకవైపున సవాకిలో ప్లేటు నెక్కించి మరల ఎనిమిదికి దిగుము. నాలుగైదు వారములకొకమారు బరువు తగ్గించి దేహమునకు సెలవిమ్ము.

సవాకిలో ప్లేట్లు రెండు కలిసిన రెండున్నర కిలోలు. ఆ రెండున్నర కిలోల విలువ తెలియవలెనన్న 2000 సంవత్సరపు సిడ్నీ ఒలింపిక్సును తలచుకొనవలెను. శ్రీకాకుళముజిల్లా ఊసవానిపేట ఆడపడుచు కరణం మల్లేశ్వరి 69 కిలోల తరగతిలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కిలోలు ఎత్తెను. కడపటి ప్రయత్నమునకు 130 నుండి ఒక్క యడుగున 137.5 కిలోలు బారున కెక్కించిరి. నిలిచియుండిన బంగారము మనదే, నిలువలేదు. మొదటి యిద్దరి మొత్తము 242.5, మన మల్లేశ్వరిది 240. భారతదేశమున ఒలింపిక్ పతకము గెలిచిన తొలిస్త్రీ యామెయే యని నేటికిని ఒడలు పులకించును. ఆ జంట సవాకిలోల యెడము తలచుకొన్న నేటికిని మనసు చివుక్కుమనును.

మల్లేశ్వరి యెత్తువలెనే తక్కిన మన బలశాలుర పేరును సాధనఫలమే. వీరఘట్టమున పుట్టి, ఏనుగును వక్షముపై నిలుపుకొని, ఉక్కుగొలుసులను తెంచి కలియుగభీముడని కీర్తిగాంచిన కోడి రామమూర్తి నాయుడు ఊపిరి బిగింపును, ప్రాణాయామమును ఎంత సాధించెనో యోచింపక ఆయన రొమ్మునే పొగడుట తగదు. స్టువర్టుపురము బిడ్డ రాగాల వెంకట రాహుల్ 2018 కామన్వెల్తు క్రీడలలో 85 కిలోల తరగతిలో 151, 187, వెరసి 338 కిలోలెత్తి స్వర్ణము తెచ్చెను. యంత్రములపై కూర్చుండి త్రాళ్లు లాగుకొనువారు ఏమన్నను అననిండు. నేలమీద నిలిచి ఇనుము నెత్తుటకు సాటివచ్చు సాధన లేదని నేను బిగ్గరగానే చెప్పెదను.

ఇక నేటి వ్యాయామశాలల స్థితి చూడగా కడుపు రగులుచున్నది. నాలుగు ప్రక్కలను అద్దములు, చెవులు చిల్లులుపడు పాట, మొదటినెలలోనే నూరుకిలోలు బారున కెక్కించి, ఇద్దరు మిత్రులు చేతులు వేయగా అరజానెడు దించి ఎత్తితిననువాడు! బరువును ఎత్తినది ముగ్గురు, లెక్కకెక్కినది ఒక్కనికి. ఎవడో సినిమానటుడు చేసినాడని ఫోనులో చూచిన పట్టికను, వాని వయస్సు, నిద్ర, తిండి, ముందటి సాధన ఏవియు నెరుగక, మక్కినకు మక్కి దింపుకొందురు. అది ఫలింపకున్న పొడి డబ్బాలు, ఆపైన సూదిమందులు. గుండెను, కాలేయమును, సంతానశక్తిని పణముగా నొడ్డి కొనితెచ్చుకొన్న ఆ కండను చూచి చప్పట్లు కొట్టువారిని నేను క్షమింపజాలను. ఒక యూరి వ్యాయామశాలలో నేను సవాకిలో ప్లేట్లడుగగా, "అవి ఆడవాండ్లకు, సార్" అని అచటి ట్రైనరు నవ్వెను. 130 కిలోలు తలపై నిలిపినది ఆడుబిడ్డయే యని ఆ పిల్లవానికి చెప్పినవారు లేకపోయిరి.

తాలీములలో గోదామన్ను ఎండుచున్నది. లెక్క తెలిసిన వస్తాదులు వృద్ధులగుచున్నారు. వారి చెంత ఒక్క నెల కూర్చుండి, ఏ కుఱ్ఱవానికి ఎన్నవ దండీ వద్ద "చాలు" అనిరో వ్రాసికొనిన, అది ఏ యంత్రమునకును లొంగని పాఠ్యగ్రంథము కాగలదు. నారాయణఖేడున క్రొత్తగా వ్యాయామశాల తెరువదలచిన యువకులారా, అద్దములకు బయానా ఇచ్చుటకు ముందు సవాకిలో ప్లేట్లు నాలుగు జతలు కొనుడు, గోడకొక నోటుపుస్తకము వ్రేలాడగట్టుడు, మీ యూరి వస్తాదునకు ఒక కుర్చీ వేయుడు.