కల్లోలకాలమున విచారణ – మడికి సింగన వాసిష్ఠరామాయణము

మడికి సింగన వాసిష్ఠరామాయణమునకు మన సాహిత్యచరిత్రలలో లభించిన చోటు మిక్కిలి స్వల్పము. సింగన కాలమును నిర్ణయించుటకును, పద్మపురాణోత్తరఖండమును కృతినందిన కందనామాత్యుని గూర్చి చర్చించుటకును మనవారు చూపిన శ్రద్ధలో నాల్గవపాలైనను ఈ గ్రంథముపై చూపలేదు. వేదాంతగ్రంథమని ముద్రవేసి సాహిత్యకులు దీనిని వేదాంతులకు విడిచిపుచ్చిరి. సంస్కృతమూలము చేతనుండగా తెనుగుతో తమకేమి పనియని వేదాంతులు ఊరకుండిరి. రెండిండ్లకును చుట్టమై యే యింటను విస్తరి దొరకని యతిథివలె నీ కావ్యము మిగిలిపోయినది.

ఉపేక్షకంటె పెద్ద హాని యొక అభిప్రాయమువలన కలిగినది. వాసిష్ఠము వైరాగ్యమును బోధించును. వైరాగ్యము జనులను కర్మవిముఖులను జేయును. కావున నిట్టి గ్రంథములు దేశమునకు కష్టకాలము వచ్చినప్పుడు తలదాచుకొనుటకు పనికివచ్చునే కాని నిలిచి పోరాడుటకు పనికిరావు – ఇది యా యభిప్రాయము. నేను దీనితో ఏకీభవింపజాలను. మనస్సు తల్లడిల్లినవేళ మనుష్యుడు తన్ను తాను ప్రశ్నించుకొనుట నిజముగా నొక యాధారమగునా, లేక బాధ్యతనుండి తప్పుకొనుటకు మర్యాదగల మార్గము మాత్రమేనా యను ప్రశ్నను వాసిష్ఠమే తనకుతాను వేసికొన్నది. దాని కథలన్నియు నా ప్రశ్నచుట్టునే తిరుగుచున్నవి. ఇందు కథాసందర్భములను మూలవాసిష్ఠమును బట్టి చెప్పుచున్నాను. సింగన తెనుగు దానికి గద్యపద్యాత్మకమగు సంగ్రహరూపము.

మొదట గ్రంథోపక్రమమును పరిశీలింతము. వాల్మీకి బాలకాండమున విశ్వామిత్రుడు వచ్చి యజ్ఞరక్షణకు రాముని పంపుమని యడుగును. పదునారేండ్లైనను నిండనివాడని దశరథుడు వెనుదీయును. వసిష్ఠుడు నచ్చజెప్పిన మీదట పంపును. ఈ యడుగుటకును పంపుటకును నడుమనున్న సన్నని సందులో వాసిష్ఠకారుడు తన మహాగ్రంథమును నిలిపినాడు. ఈ యెన్నిక సామాన్యమైనది కాదు. బోధ జరుగుచున్నంతసేపును విశ్వామిత్రుడు సభలోనే యున్నాడు. ఆశ్రమమున యజ్ఞము ఆగియున్నది; రాక్షసులు పొంచియున్నారు. అడవిలో తీరికగా జరిగిన గోష్ఠి కాదిది. పని తలుపు తట్టుచుండగా జరిగిన విచారణ.

రాముని దుస్థితియు గమనింపదగినది. తీర్థయాత్రనుండి తిరిగివచ్చిన కుమారుడు క్రమముగా చిక్కిపోవుచున్నాడు. అన్నము సహింపదు, ఆభరణములు రుచింపవు, నిత్యకృత్యములను పరిజనులు ప్రార్థించినగాని చేయడు. అర్జునుని విషాదమునకు ఎదుట నిలిచిన సేనలు కారణము. రామునికి అట్టి కారణమేదియు లేదు. రాజ్యము సుభిక్షము, తండ్రి ప్రేమమూర్తి, వయస్సు లేతది. అయినను లోకమున నేదియు నిలుకడగలది కాదను తెలివి యాతనిని లోపలినుండి తొలిచివేయుచున్నది. సభకు రప్పింపబడి, సంపద, ఆయువు, అహంకారము, తృష్ణ, బాల్యము, యౌవనము, వార్ధకము, కాలము అను నొక్కొక్కదానిని విప్పి దాని డొల్లతనమును చూపును. తుదకు, తనకు సమాధానము చెప్పగలవారు లేనిచో అన్నపానములు మాని శరీరమును విడుతునని యనును. ఒక బాలుని ప్రాణము పణముగా నున్నదన్నమాట. ఈ మాట మరచి యీ గ్రంథమును పాండిత్యచర్చగా చదువువారు దానిని సగమే చదివినవారు.

ఇచ్చట కవి చేసిన పని సాహసోపేతము. ఆ సభలో నెవ్వరును బాలునికి పిచ్చియెత్తినదని యనరు. పెండ్లిచేసిన కుదురుకొనునని యనరు. విశ్వామిత్రుడు ఇది వివేకమువలన పుట్టిన స్థితియే యని చెప్పును. నిరాశకు మొదటి చికిత్స దానిని గౌరవముతో వినుట. వసిష్ఠుని బోధ కొన్నాళ్లు సాగును. ప్రొద్దుగ్రుంకగానే సభ చాలించి యందరును సంధ్యావిధులకు పోవుదురు. రాత్రి విన్నదానిని మననము చేసికొని మరునాటి యుదయమున మరల కూడుదురు. కవి ప్రతి దినమును ఈ సంగతిని చెప్పుట కొందరికి విసుగు పుట్టింపవచ్చును. నాకు మాత్రము బోధలో సగము బలము ఈ దినచర్యయందే యున్నదని తోచుచున్నది. తినుటయే మానుదునన్నవాడు ప్రతియుదయమును స్నానముచేసి సభకు వచ్చుచున్నాడు!

రాముని యుపన్యాసమున స్త్రీనింద యొకటి కలదు. అది యెంత సంప్రదాయసిద్ధమైనను చదువుటకు కష్టముగానే యుండును. చిత్రమేమన, ఈ గ్రంథమున జ్ఞానమునకు శ్రేష్ఠమైన దృష్టాంతములలో రెండు లీల, చూడాల యను రాణులవి. తొలి ప్రకరణమున బాలుడు చెప్పినదానిని తరువాతి కథలు తామై ఖండించుచున్నవి. ఇది కవి యెరిగి చేసినదనియే నేననుకొందును.

వసిష్ఠుడు మోక్షద్వారమునకు నలుగురు ద్వారపాలకులను చెప్పినాడు: శమము, విచారము, సంతోషము, సాధుసంగమము. వీనిలో విచారమనగా నేడు మనము వాడుకలో ననుకొను దుఃఖము కాదు. నేనెవ్వడను, ఈ సంసారమను దోషము నాకెట్లు సంక్రమించినది అను పరిశోధన. ఒకే పదము తెనుగున శోధనకును శోకమునకును చెల్లుచుండుట యొక వింత. రాముని కథ యీ రెండవ యర్థమునుండి మొదటి యర్థమునకు జరిగిన ప్రయాణమే.

ధ్యానమునకును విచారణకును గల సంబంధము ఉద్దాలకోపాఖ్యానమున స్పష్టపడును. ఉద్దాలకుడు గంధమాదనపర్వత గుహలో ఆకులు పరచి, దానిపై జింకచర్మము వేసికొని కూర్చుండెను. మనస్సు నిలువలేదు. బలవంతముగా అణచినకొలదియు నెగసిపడుచున్నది. అప్పుడాతడు మనస్సుతోనే మాటలాడ మొదలిడును. లేడి చెవిచేతను, ఏనుగు స్పర్శచేతను, చేప నాలుకచేతను, మిడుత కంటిచేతను, తుమ్మెద ముక్కుచేతను చెడుచుండగా, ఐదింటిని గట్టుకొన్న నీ గతియేమని దానిని నిలదీయును. పిమ్మట కాలి బొటనవ్రేలు మొదలు తలవరకు ‘నేను’ అనదగిన దేదియైన నున్నదా యని వెదకి, ఎచ్చటను కానక పోవును. ప్రణవోచ్చారణము, ప్రాణనియమము, సమాధి – ఇవన్నియు నీ శోధన తరువాతివి. వాసిష్ఠమున ధ్యానము విచారణకు ఫలమేగాని బదులుకాదు. ఐక్యరాజ్యసమితి 2024లో డిసెంబరు 21వ తేదీని ప్రపంచ ధ్యానదినముగా ప్రకటించినది; మంచిదే. కాని నేడు ధ్యానమని ప్రచారమగుదానిలో హెచ్చుభాగము అలసిన మనస్సుకు విశ్రాంతి. విశ్రాంతి పొందిన మనస్సు ప్రశ్నింపనిచో మరునాడు మరల ఆ యలసటకే పోవును. ఉద్దాలకునికి తొలిదినమున కలిగిన యనుభవమదియే.

ఆధునికకాలమున నీ మార్గమునకు ప్రధానపురుషుడైన రమణమహర్షికి వాసిష్ఠముతోగల పరిచయము ప్రసిద్ధము. ఆయన ‘ఉళ్ళదు నార్పదు’ అనుబంధమున వాసిష్ఠశ్లోకముల యనువాదములు కలవు. తెలుగువాడైన కావ్యకంఠ గణపతిముని 1907 నవంబరు 18న అరుణాచలమున విరూపాక్షగుహలో ఆయనను దర్శించినప్పుడు లభించిన ఉపదేశము ‘నేను’ అనునది యెచ్చటనుండి పుట్టుచున్నదో చూడుమనుటయే. ఏండ్లతరబడి మంత్రజపము చేసిన పండితునికి చెప్పిన మాట యిది. ఉద్దాలకుని గుహకును విరూపాక్షగుహకును నడుమ త్రోవ తెగిపోలేదు.

ఇంక కర్మవైముఖ్యమను నాక్షేపణ. చూడాల కథయే దీనికి చాలును. శిఖిధ్వజుడు శాంతికై రాజ్యమును విడిచి యడవికి పోయి పదునెనిమిదేండ్లు తపించెను. చూడాల యింటనుండియే విచారించి జ్ఞానమును పొందెను. భర్త పోయినపిదప రాజ్యమును తానే పాలించెను. ఆమె కుంభుడను బ్రాహ్మణకుమారుని రూపమున వచ్చి, నీవు విడువవలసినది ఇంకను మిగిలియున్నదని చెప్పగా, అతడు కుటీరమును, దండమును, జపమాలను కాల్చివేసి, తుదకు శరీరమునే విడువనెంచును. శరీరము చేసిన తప్పేమి, విడువవలసినది చిత్తమని యామె వారించును. జ్ఞానము కలిగిన పిమ్మట వారిరువురును మరలివచ్చి రాజ్యమేలిరి. పలాయనమును ఇంతకంటె నేర్పుగా నపహసించిన కథ మన వాఙ్మయమున నరుదు.

అయినను ఆక్షేపకునికి మరియొక బలమైన వాదము కలదు. జగత్తు స్వప్నతుల్యమైనచో ఇతరుల దుఃఖమును స్వప్నతుల్యమే కదా! లోకము తగులబడుచుండగా, కలయనుకొని కన్నులు మూసికొనువానికి ఈ గ్రంథము తోడ్పడదా? దీనికి సమాధానము లవణోపాఖ్యానమున వెదుకవలెను.

లవణమహారాజు కొలువుండగా ఐంద్రజాలికుడొకడు నెమలిపింఛమును త్రిప్పును. ఒక గుఱ్ఱము కనబడును. రాజు రెండు ముహూర్తములు కదలకుండును. తెలివివచ్చిన పిదప తాను చూచినది చెప్పును: గుఱ్ఱము తన్ను అడవికి గొనిపోయినది, ఆకలిగొన్న తనకు చండాలకన్య యొకతె పెండ్లి యాడుమను నియమముతో నన్నము పెట్టినది, ఆ పల్లెలో అరువదియేండ్లు కాపురము చేసితిని, బిడ్డలు కలిగిరి, కరవు వచ్చినది, ఆకటికి తాళలేక మాంసమడిగిన పసివానికి తన మాంసమునే యీయనెంచి నిప్పున బడబోవుచుండగా మేలుకొంటిని. కథ యిచ్చట ముగిసినచో ఆక్షేపకుడే గెలిచియుండును. కలలోని కరవుకు కన్నీరేల?

కాని కథ ముగియదు. మరునాడు రాజు మంత్రులతో వింధ్యారణ్యమునకు పోవును. తాను కలగన్న పల్లె యచ్చట నున్నది. కరవున మాడిన చెట్లున్నవి. కూతురును, అల్లుని, మనుమలను పోగొట్టుకొని యేడ్చుచున్న యొక ముసలిది యున్నది. ఆ యల్లుడు తానే! రాజు ఆమెను విచారించి, ధనమిచ్చి యోదార్చి తిరిగివచ్చును. ఇది యెట్లు పొసగునని రాముడడుగగా వసిష్ఠుడు మనోవాసనలను గూర్చి శాస్త్రసమాధానము చెప్పును. ఆ సమాధానము తర్కమునకు నిలుచునేమోగాని, చదువరి మనస్సున నిలుచునది ముసలిదాని యేడుపే. రాజు సింహాసనమున కూర్చుండియే తన ప్రజలలో కడపటివాని యాకలిని అరువదియేండ్లు అనుభవించినాడు. స్వప్నమను మాట యిచ్చట దుఃఖమును తేలికచేయుటకు రాలేదు. రాజునకును చండాలునకును నడుమ గోడగానున్న ‘నేను’ ఎంత పలుచనిదో చూపుటకు వచ్చినది. చండాలజన్మమును భీతికరమగు కలగా కల్పించుటలో ఆ కాలపు కులదృష్టి యున్నదనుట నిజము. దానిని కప్పిపుచ్చ నక్కరలేదు. కాని కవి యా పల్లెను కల్లయని తుడిచివేయక, రాజుచేత కాలినడకన వెదకించినాడు. దృష్టికంటె కథ పెద్దదగుట యనగా నిదియే.

సింగన కాలమును గూర్చి ఒకమాట. 1323లో ఓరుగల్లు పడినది. తరువాతి నూరేండ్లును తెలంగాణము రాచకొండ వెలమరాజులు, బహమనీలు మున్నగువారి పోరులతో నిండినది; 1424 ప్రాంతమున బహమనీ సుల్తాను అహమ్మదుషా ఓరుగల్లును వశపరచుకొనెను. రామగిరి ముత్తభూపాలుని మంత్రి కందనకు పద్మపురాణోత్తరఖండమును, దశమస్కంధమును అంకితమిచ్చిన సింగన యీ సంక్షోభమునకు ఎడముగా నున్నవాడు కాడు. కాలము చెడినది కావున కవి వేదాంతమున తలదాచుకొనెనని చెప్పుట సులభము. కాని యా సులభవ్యాఖ్యను సింగనయే చెరిపివేసినాడు. వాసిష్ఠమును అహోబల నృసింహునకు సమర్పించిన చేయియే సకలనీతిసమ్మతమును కూర్చినది. పూర్వులు వ్రాసిన నీతిపద్యములను పెక్కు గ్రంథములనుండి యేరి కూర్చిన యా సంకలనమును మానవల్లి రామకృష్ణకవి 1923లో ప్రకటించినారు. నేడు పూర్ణముగా దొరకని గ్రంథముల పద్యములకు అది నిధి. రాజనీతిని అంత శ్రద్ధతో సమకూర్చినవాడు లోకమునుండి పారిపోవువాడు కాజాలడు.

ముముక్షుప్రకరణమున దైవవాదము నెంత నిర్దయగా తూలనాడిరో చూచినను ఈ విషయము తేటపడును. దైవమనునది వెనుకటి పౌరుషమే, వెనుకటి ప్రయత్నమును ఇప్పటి ప్రయత్నమును రెండు పొట్టేళ్లవలె ఢీకొనుచుండును, బలముగలది గెలుచును. నుదుటివ్రాతయని చేతులు ముడుచుకొనువానికి వాసిష్ఠమున చోటులేదు.

ఈ రెండు గ్రంథములును కలిసికొనుచోటు సురఘోపాఖ్యానము. కిరాతరాజగు సురఘుడు దండింపదగినవారిని దండించుచు, వారి బాధ తనదిగా దహించుకొనిపోవుచున్నాడు. దండింపకున్న ప్రజ నిలువదు. దండించిన మనస్సు నిలువదు. నీతిశాస్త్రము ఎవనిని ఎంత దండింపవలెనో చెప్పును. దండించినవాడు రాత్రి నిదురించుటెట్లో చెప్పదు. మాండవ్యమహర్షి సురఘునికి రాజ్యమును విడువుమని చెప్పలేదు; నీవెవ్వడవో విచారింపుమని చెప్పి పోయెను. సురఘుడు ఏకాంతమున కూర్చుండి, నేల నాది కాదు, పురము నాది కాదు, పరివారము నాది కాదు, ఈ యెముకల గూడును నాది కాదు అని యొక్కొక్కటిగా తొలగించుకొనుచు పోయి, కుదుటబడి, మరల నిగ్రహానుగ్రహములను నడపెను. సకలనీతిసమ్మతములోని దండనీతిపద్యములను ఈ యుపాఖ్యానముతో సరిపోల్చి, ఏ భావము ఏ గ్రంథమున నెంతవరకు పోయినదో నిర్ణయించు పని మన విద్యార్థులు చేపట్టదగినది. సింగనను పురాణానువాదకుడుగా మాత్రమే లెక్కించు అలవాటు అప్పుడు సడలును.