అక్షరం చెదరని తరలింపు

పీహెచ్‌పీబీబీ వంటి చర్చావేదిక సాఫ్ట్‌వేర్‌ను ఒక లినక్స్ సర్వర్ నుంచి మరొకదానికి తరలించే నిర్వాహకుల పని, చక్కగా జరిగినప్పుడు ఎవరి కంటా పడదు కనుక, దానికి రావలసిన మెప్పు రావడం లేదు. తిరుమలగిరి వ్యవసాయ మార్కెట్‌లో ధాన్యం బస్తాల మాదిరిగా ఇక్కడా ముందు లెక్క చూడాలి. వేదికను కాసేపు మూసి, సందేశాల సంఖ్య రాసుకొని, డేటాబేసును పాఠ్యఫైలుగా దించే ‘డంప్’ తీసి, జతచేసిన బొమ్మలను, మారినవాటినే మోసుకుపోయే ఆర్‌సింక్ అనే పనిముట్టుతో కొత్త చోటికి చేరుస్తారు. అసలు నేర్పు తెలుగు లిపి దగ్గర బయటపడుతుంది. యూటీఎఫ్-8 అనే నిల్వ పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి. ‘తి’లో తకారం, గుడి వేర్వేరు సంకేతాలు కనుక దానికి 6 బైట్లు కావాలి, ఆ లెక్కన ‘తిరుమలగిరి’ 30 బైట్ల మాట. పాత డేటాబేసు ఆ బైట్లకు లాటిన్-1 అనే పాశ్చాత్య లిపి ముద్ర వేసి ఉంటే, తరలింపులో ఊరి పేరు కాస్తా పిచ్చి గీతల వరుసగా తేలుతుంది. అప్పుడు నేరుగా మార్చబోతే తప్పు మరింత బిగుసుకుంటుంది. అందుకే నేర్పరి ఆ పాఠం ఉన్న పట్టిక నిలువు వరుసను మొదట బైనరీగా, అంటే ఏ లిపి ముద్రా లేని ఉత్త బైట్లుగా ప్రకటించి, ఆపైన యూటీఎఫ్-8కు డేటాబేసులో ఉన్న పేరైన యూటీఎఫ్8ఎంబీ4గా చదివిస్తారు. ఒక్క బైటూ మారదు, అక్షరాలు మాత్రం తిరిగి నిలబడతాయి. ఇంత సొగసైన మరమ్మతు మరే పనిలోనైనా అరుదే. చివరగా ఫైళ్ల అనుమతులు సరిచూసి, స్థాపనకు వాడిన ఫోల్డరును తొలగించి, సందేశాల సంఖ్యను మళ్లీ పోల్చి వేదికను తెరుస్తారు. పాత సర్వర్‌ను మాత్రం కొన్ని వారాలు అలాగే ఉంచుతారు.