బొటనవేలు చెప్పే బిగువు

అంబాసిడర్ బానెట్ ఎత్తితే రేడియేటర్ వెనక ఒక్కటే నల్లటి ఫ్యాన్ బెల్టు కనిపిస్తుంది. కింద క్రాంకు పుల్లీ దాన్ని లాగుతుంది. అది పైన ఫ్యాన్‌నీ, ఫ్యాన్‌తో ఒకే ఇరుసు మీదున్న వాటర్ పంపునీ, పక్కనున్న డైనమోనీ తిప్పుతుంది. ఇంజను వేడెక్కకుండా ఉండటం, బ్యాటరీ ఛార్జి కావడం రెండూ ఆ రబ్బరు పట్టీ చలవే. దాని బిగువును మన మెకానిక్‌లు తరతరాలుగా బొటనవేలితో నొక్కి తేలుస్తున్నారు. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల పనిలో చేరిన కుర్రాడు తొలినాళ్లలో నేర్చుకునే విద్యల్లో ఇదొకటి. చేతిలో గేజీ లేదు, మీటరు లేదు కాబట్టి ఇదంతా ఉజ్జాయింపు వ్యవహారమని చాలామంది అనుకుంటారు. నేను ఒప్పుకోను. ఆ నొక్కడం అసలు సిసలైన కొలత. ఆ కొలతను పక్కనబెట్టి ‘ఎంత బిగిస్తే అంత మంచిది’ అనుకోవడమే పాత బండికి చేటు తెస్తుంది.

ముందు ఆ బెల్టు పట్టు ఎక్కడుందో చూడాలి. అది ‘వి’ ఆకారపు బెల్టు. పుల్లీ గాడి రెండు గోడల మధ్య ఇరుక్కోవడం వల్లే దానికి పట్టు దొరుకుతుంది. బెల్టు అడుగు భాగం గాడి అడుగును తాకకూడదు. అందుకే పుల్లీ గాడి అడుగు తళతళ మెరుస్తుంటే, బెల్టు అరిగి కిందికి దిగిపోయిందని, గోడల మీద పట్టు సడలిందని అర్థం. బెల్టు పక్కలు అద్దంలా నున్నగా తేలితే, జారి జారి రబ్బరు కాలిందని అర్థం. ఈ రెండింటిలో ఏది కనిపించినా ఇంకాస్త బిగించి లాభం లేదు, కొత్త బెల్టు వేయాల్సిందే. బెల్టును కాస్త మెలితిప్పి లోపలి వైపు పగుళ్లు, ఊడిన పోగులు ఉన్నాయేమో కూడా చూడాలి. బిగువు సంగతి ఆ తర్వాతే.

ఇక బొటనవేలి లెక్క. ఈ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వంశపు ఇంజన్లకు చెప్పే కొలత, బెల్టు అన్నిటికంటే పొడుగ్గా సాగిన చోట మధ్యలో మోస్తరుగా నొక్కితే దాదాపు అర అంగుళం, అంటే 12, 13 మిల్లీమీటర్లు లోపలికి పోవాలని. దీని వెనక చక్కని గణితం ఉంది. ఆ పొడవు 30 సెంటీమీటర్లు అనుకుందాం. 5 కిలోల బలంతో నొక్కితే 12 మిల్లీమీటర్లు దిగింది. నొక్కిన బలాన్ని పొడవుతో హెచ్చవేసి, దిగిన లోతుకు నాలుగు రెట్లతో భాగిస్తే బెల్టులో ఉన్న లాగుడు వస్తుంది: సుమారు 31 కిలోలు. అదే నొక్కుడుకు 6 మిల్లీమీటర్లే దిగితే లాగుడు 62 కిలోలు. కంటికి తేడా పావు అంగుళం, బేరింగుల మీద బరువు రెట్టింపు! పైగా పుల్లీని బెల్టు రెండు వైపుల నుంచీ లాగుతుంది కాబట్టి ఆ బరువు రెండు తడవలు పడుతుంది. దాన్ని మోసేవి డైనమో ముందరి బాల్ బేరింగు, వెనక చిన్న కంచు బుష్, వాటర్ పంపు ఇరుసు. పంపు బేరింగు ఆట ఇస్తే సీలు నిలవదు. పంపు కింది చిన్న రంధ్రం నుంచి నీటి చుక్కలు మొదలవుతాయి.

వదులు బెల్టు అరిచి చెబుతుంది. రాత్రి హెడ్‌లైట్లు వేసి యాక్సిలరేటర్ తొక్కగానే కీచుమంటుంది, ఛార్జింగు దీపం మినుకుమంటుంది, ఎండాకాలం ట్రాఫిక్‌లో టెంపరేచరు ముల్లు పైకి పోతుంది. అతిగా బిగించిన బెల్టుకు నోరు లేదు. బేరింగు గరగరమనే దాకా అంతా బాగున్నట్టే ఉంటుంది. అందుకే వాడుకలో రెండో తప్పును ఎవరూ తప్పుగా లెక్కపెట్టరు. అరుపు వినగానే సబ్బు రుద్దడమో, పౌడరు చల్లడమో చేసేవాళ్లూ ఉన్నారు. శబ్దం ఆగుతుంది, జారడం ఆగదు.

బిగువు సరిచేసే పద్ధతిలోనూ ఇదే నిదానం కావాలి. ఇంజను ఆపి, తాళంచెవి తీసి, డైనమో వేలాడే రెండు బోల్టులనూ, పొడుగు గాడి ఉన్న సర్దుబాటు పట్టీ బోల్టునూ కాస్త వదులు చేయాలి. డైనమో కదలాలి గానీ వేలాడిపోకూడదు. చేత్తో దాన్ని ఇంజను నుంచి దూరంగా లాగి, ముందు పట్టీ బోల్టు బిగించి, తర్వాత మిగతా రెండూ బిగించాలి. ఆ రెండూ బిగిసేటప్పుడు బిగువు మారవచ్చు కాబట్టి మళ్లీ నొక్కి చూడాలి. ఈ పనికి చేతి బలం చాలు. కడ్డీ పెట్టి ఎత్తడం మొదలైన చోటే అతి బిగువు మొదలవుతుంది. డైనమో బదులు ఆల్టర్నేటర్ ఉంటే దాని అల్యూమినియం ఒళ్లు పగిలే ప్రమాదమూ ఉంది. తప్పనిసరైతే చెక్క ముక్కతో, పుల్లీ వైపు మాత్రమే ఆనించాలి.

అందరి బొటనవేళ్లూ ఒకటి కావు కదా అని అడగొచ్చు. నిజమే, పహిల్వాను నొక్కుడూ పదేళ్ల పిల్లాడి నొక్కుడూ ఒకటి కావు. దానికి మందు సులువే: వంటింటి త్రాసు మీద బొటనవేలు ఆనించి, ముల్లు 5 కిలోలకు వచ్చేదాకా నొక్కడం నాలుగైదు సార్లు సాధన చేస్తే చెయ్యి ఆ బలాన్ని గుర్తుపెట్టుకుంటుంది. బెల్టు మీద ఒక స్కేలు అడ్డం పెడితే లోతు కూడా కచ్చితంగా తెలుస్తుంది. బిగువు కొలిచే గేజీలు ఉన్నాయి, ఉన్నవాళ్లు వాడాలి. కానీ నొక్కి చూసే గేజీ చేసేదీ ఈ బలం, లోతు లెక్కే. ఇంకొక అభ్యంతరం, ఇప్పటి కార్లలో స్ప్రింగు టెన్షనరు తనంతట తానే బిగువు చూసుకుంటుంటే ఈ విద్య ఎందుకని. ఆ కార్లకు అక్కర్లేదు, నిజమే. అయితే అంబాసిడర్ తయారీ ఆగింది 2014లోనే. ఆ టెన్షనరు లేని పాత ఇంజన్లు నడిచినన్నాళ్లూ ఆ పని మనిషి చేతిదే. దాని విలువ పాతదనంలో లేదు, ఒక డైనమోనో పంపునో ఏళ్ల తరబడి కాపాడటంలో ఉంది.

కొత్త బెల్టు వేసినవాళ్లకు ఈ అవసరం ఇంకా ఎక్కువ. రబ్బరు లోపలి పోగులు కాస్త సాగి, పక్కలు పుల్లీ గాడిలో కుదురుకునేసరికి తొలి బిగువు తగ్గుతుంది. దాన్ని ముందే ఊహించి అదనంగా బిగించి పంపేస్తుంటారు. అలా చేయకుండా, కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక ఇంజను చల్లారనిచ్చి, అదే చోట అదే బలంతో మరోసారి నొక్కి, తగ్గినంత మేరకే సరిచేయడం పద్ధతి.