రెండో మెట్టు పేరు

2020 జూన్‌లో లినక్స్ కెర్నెల్‌లో చేరిన ఒక ప్యాచ్‌ని ఇప్పటికీ అప్పుడప్పుడూ తెరిచి చదువుకుంటాను. ఎర్ర రంగులో పాత వరస, దాని కిందే పచ్చరంగులో కొత్త వరస. రెంటికీ తేడా ఒక్క మాట. ‘ఎంమ్యాప్ సెమ్’ ఉన్నచోట ‘ఎంమ్యాప్ లాక్’. ఫైలు తర్వాత ఫైలు, ఇదే మార్పు. మారినవి దాదాపు అన్నీ కామెంట్లే. కంపైలర్ వాటిని పని మొదలెడుతూనే తీసి పక్కన పడేస్తుంది. ఈ ప్యాచ్ ఉన్నా లేకపోయినా మెషిన్ నడకలో వెంట్రుకవాసి తేడా రాదు. ఇంత ఓపికా చదివే మనిషి కోసమే.

ఈ ఎంమ్యాప్ తాళం దేనికి కాపలా? ప్రతి ప్రాసెస్‌కీ మెమరీ చిట్టా ఒకటి ఉంటుంది. ఈ అడ్రసు నుంచి ఆ అడ్రసు దాకా ప్రోగ్రామ్, ఇక్కణ్ణుంచి స్టాక్, ఈ ముక్క ఫలానా ఫైలుది. ఊరి అడంగల్ లాంటిదే. చూసి పోయేవాళ్లు ఎంతమందైనా ఒకేసారి చూడొచ్చు, హద్దులు మార్చేవాడు మాత్రం ఒంటరిగా ఉండాలి. పేజ్ ఫాల్ట్ తగిలిన థ్రెడ్ చూడడానికి వస్తుంది. చిట్టాలో కొత్త ముక్క చేర్చమని ఎంమ్యాప్ పిలిచిన థ్రెడ్ రాయడానికి వస్తుంది.

సెమ్ అంటే సెమాఫోర్. రైలు పట్టాల పక్కన స్తంభం మీద లేచి వాలే ఆ రెక్క పేరుని 1960ల్లో డైక్‌స్ట్రా కంప్యూటర్లకు తెచ్చిపెట్టాడు. కెర్నెల్‌లో ఈ తాళం వేసేటప్పుడు ‘డౌన్ రీడ్’, తీసేటప్పుడు ‘అప్ రీడ్’ అనేవారు. ముచ్చటైన పేర్లే. కానీ అవి తాళం లోపలి లివర్‌ని చూపిస్తాయి, తాళం ఎందుకో చెప్పవు. కెర్నెల్ డెవలపర్ మిషెల్ లెస్పినాస్ వాటి స్థానంలో ‘ఎంమ్యాప్ రీడ్ లాక్’, ‘ఎంమ్యాప్ రైట్ లాక్’ లాంటి పిలుపులు తెచ్చాడు. రేపు లోపలి మరలన్నీ మార్చినా పిలుపు మార్చక్కర్లేదు. పేరుకి ఇంతకన్నా ఔచిత్యం ఏముంటుంది?

కోడ్‌లోని పిలుపుల్ని చాలామటుకు కాక్సినెల్ అనే ఉపకరణం మార్చిపెట్టింది. దానికి సి భాష వ్యాకరణం తెలుసు, ఎక్కడ ఏ పిలుపు ఉందో పోల్చుకుంటుంది. కామెంట్లలో ఉన్నది మాత్రం మనుషుల భాష. అక్కడ మాట మారిస్తే సరిపోదు, వాక్యం చదవాలి. ఎవరో ఎప్పుడో ఓపిగ్గా ‘సెమాఫోర్’ అని పూర్తిగా రాసినచోట, సెమ్ తీసి లాక్ పెట్టేసరికి ‘లాకఫోర్’ పుట్టింది! ఏ నిఘంటువులోనూ లేని మాట. కంపైలర్‌కి అదీ ఒకటే, ఇదీ ఒకటే. చదువుతున్న ఒక సమీక్షకుడి కంటికి అది తగిలింది, ప్యాచ్‌ని చేర్చుకున్న నిర్వాహకుడు ఆండ్రూ మార్టన్ సరిదిద్దాడు. ఆ దిద్దుబాటు గుర్తు ప్యాచ్ వివరణలో ఒక చిన్న బ్రాకెట్‌లో ఇప్పటికీ ఉంది. మొత్తం ప్యాచ్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన వరస అదే.

కామెంట్ అంటే వ్యాఖ్యే. మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని ప్రతిజ్ఞ చేసుకుని కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు మన కొలచాల మల్లినాథసూరి. ఆయన ముందున్న మూలం కదలనిది. కెర్నెల్ మూలం రోజూ కదులుతుంది. నిన్న అక్షరాలా నిజమైన వ్యాఖ్య, తన తప్పేమీ లేకుండానే ఇవాళ మూలం లేనిదైపోతుంది. అక్కడ ప్రతిజ్ఞ ఒకసారి చేస్తే చాలదు, మూలం కదిలినప్పుడల్లా చేయాలి.

మెమరీ విభాగంలో ఆర్‌మ్యాప్ అనే ఫైలుంది. దాని తలమీద ఒక కామెంట్. ఏ తాళం తర్వాత ఏ తాళం వేయాలో చెబుతుంది. ముందు ఐనోడ్ తాళం. దాని కింద, రెండు ఖాళీలు కుడికి జరిగి, ఎంమ్యాప్ లాక్. ఇంకో రెండు జరిగి పేజీ తాళం. ఇంకా కింద పేజ్ టేబుల్ తాళం, దాని కింద మరికొన్ని. కోనేటి మెట్లలా దిగుతుంది. ఈ మెట్లని ఒకరు పైనుంచీ మరొకరు కిందనుంచీ పట్టుకుంటే, ఇద్దరూ ఎదుటివాడు వదిలేదాకా ఆగుతారు, ఇక ఎవరూ కదలరు. ఆ ప్రమాదాన్ని ఒక్క వివరణ వాక్యం లేకుండా కేవలం ఖాళీలతో చెప్పడం ఉందే, అది శిల్పం.

ఈ మెట్ల దగ్గరికి కొత్తవాడు ఎలా వస్తాడు? పేరు పట్టుకుని వెతుక్కుంటూ వస్తాడు. కోడ్‌లో ఎంమ్యాప్ లాక్ చూసి, అదే మాట గ్రెప్ చేస్తాడు. రెండో మెట్టు మీద పాత పేరే ఉండిపోతే అతనికి ఆ వరస దొరకదు. మెట్లు చెక్కుచెదరకుండా అక్కడే ఉంటాయి, దారి మాత్రం తెగిపోతుంది. కామెంట్లో మార్చిన ఆ ఒక్క మాట అతనికి దారి.

అదే కామెంట్లో మొదటి మెట్టు సంగతి వేరు. ఐనోడ్‌లోని ఐ మ్యూటెక్స్ 2016లోనే ఐ ఆర్‌డబ్ల్యూసెమ్ అయిపోయింది. మెట్టు మీద మాత్రం ఐ మ్యూటెక్స్ అనే ఉండిపోయింది. 2020లో రెండో మెట్టు పేరు మారినప్పుడు కూడా, దాని నెత్తిన ఆ లేని తాళం పేరు అలాగే ఉంది. ఎన్ని వేల కళ్లు దాన్ని దాటి వెళ్లాయో. 2021లో యాన్ కారా అనే డెవలపర్ వచ్చి సరిచేశాడు.

ఇప్పుడు ఆ ఫైలు తెరిస్తే రెండో మెట్టుకీ పేజీ తాళానికీ నడుమ కొత్త మెట్టు కనిపిస్తుంది, ఇన్‌వ్యాలిడేట్ లాక్ అని. పేజీ తాళం ఫోలియో లాక్ అయింది. కొత్త మెట్టు చేర్చినవాళ్లు ఊరికే చేర్చలేదు, దాని కిందున్న మెట్లని కూడా రెండేసి ఖాళీలు కుడికి జరిపారు.