జానపద గేయ వర్గీకరణ: బిరుదురాజు రామరాజు పరిశోధనపై ఒక పరిశీలన

ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, అక్కడే తెలుగు ఆచార్యులైన బిరుదురాజు రామరాజుకు 1956లో పిహెచ్.డి. పట్టం తెచ్చిన సిద్ధాంతవ్యాసం ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’. పరిశోధన అంటే తాళపత్రాలూ ప్రబంధాలూ అనుకొనే రోజుల్లో కర్త తెలియని పాటను ఆకరంగా నిలపడమే సాహసం. ఈ మాట పలువురు చెప్పినదే. చర్చించవలసినది ఆయన వర్గీకరణను.

పౌరాణిక, చారిత్రక గేయాలన్నప్పుడు వస్తువు ప్రమాణం. స్త్రీల పాటలన్నప్పుడు పాడేవారు ప్రమాణం. శ్రామిక గేయాలకు సందర్భం, కరుణరస గేయాలకు అలంకారశాస్త్రం. తిరగలి విసురుతూ ఒక స్త్రీ సీతమ్మ కష్టాలను పాడితే ఆ పాట నాలుగింటికీ చెందుతుంది. ఏ ఒక్కదానిలో చేర్చినా తక్కిన మూడు సంబంధాలు మరుగున పడతాయి. ఈ సాంకర్యాన్ని తర్కదోషమని తోసివేయడం తేలిక. నాకు మాత్రం ఇందులో ఆనాటి విద్యాపీఠపు ఒత్తిడి కనిపిస్తుంది. పాటకు సాహిత్యగౌరవం దక్కాలంటే రసం పేరు చెప్పక తప్పదు. పాట బతుకును విడువకూడదంటే తిరగలినీ వరినాటునూ చెప్పక తప్పదు.

అయితే శీర్షికలోని ‘సాహిత్యము’ అన్న మాటకు మూల్యం ఉన్నది. సంగీతజ్ఞుల వాడుకలో సాహిత్యమంటే వరుస తీసివేయగా మిగిలినదే గదా! విసురు వేగాన్ని బట్టి సాగే, తెగే వరుసను అచ్చుపుట పట్టుకోలేదు. పాదాంతంలోని సాగదీతలు అక్కడ ఛందోదోషాలుగా తోస్తాయి. నేడు క్షేత్రపర్యటనకు వెళ్లే విద్యార్థి చేతిలో ధ్వనిముద్రణ సాధనం ఉన్నది. అయినా సిద్ధాంతవ్యాసంలోకి తరచు పాఠం మాత్రమే చేరుతున్నది, అదీ పాత పేర్ల కిందనే.