బెట్ట పెట్టిన తోట

వేసవిలో నిమ్మ కాపు కావాలంటే ముందు తోటను బెట్టకు తేవాలి. మాచర్ల దారిలో ఉన్న మా బావగారి తోటలో బోరుంది, నీళ్లూ ఉన్నాయి. అయినా ఆ రోజుల్లో మోటారు వెయ్యరు. మధ్యాహ్నానికి ఆకు ముడుచుకుంటుంది. తెల్లారి వెళ్లి విప్పుకుందో లేదో చూస్తారు. పొద్దుటికీ తేరుకోలేదంటే ఇక చాలు. పాదులు తవ్వి, పశువుల ఎరువు వేసి, తడి పెడతారు. కొత్త చిగురుతో పాటే పూత దిగుతుంది. నీళ్లు ఆపని చెట్టు ఏపుగా, పచ్చగా ఉంటుంది కానీ పూత పలచన.

లెంటు ఉపవాసం ఎందుకో నాకు ఏ ప్రసంగం కన్నా ఆ తోటలోనే బాగా బోధపడింది. మన సంఘాల్లో ఏపుకు కొదవలేదు. కూటాలు, మైకులు, ఫ్లెక్సీలు అన్నీ ఉన్నాయి. పౌలు గలతీ సంఘాలకు రాసిన ఆత్మఫలం సంగతి వేరు. దీర్ఘశాంతం ఎవరిలో కాసిందో ఆ ఇంట్లోవాళ్లకే తెలుస్తుంది.

"ఎన్నాళ్లు ఆపాలి బావా?" అని అడిగితే, "నేలని బట్టిరా" అన్నారు. ఎర్రనేల తొందరగా ఆరిపోతుంది, నల్లరేగడి చాలా రోజులు తేమ పట్టి ఉంచుతుంది. హద్దు దాటితే ఆకు రాలి కొమ్మలు ఎండుతాయి. అంటే రోజూ ఆకును చూసుకునేవాడే బెట్ట పెట్టాలి. యోహాను సువార్త పదిహేనో అధ్యాయంలో తోటను చూసుకునే పని తండ్రిది, మనది కాదు.

అందుకే ఒక మాట నాకు మింగుడుపడదు. 2021లో నల్లతామర పురుగు పల్నాడు మిర్చిని ఊడ్చేసింది. కౌలు కట్టలేక కూలబడ్డ ఇంటికి వెళ్లి, "దేవుడు నిన్ను ఫలింపజేయడానికే ఇలా చేశాడు" అనడం పరామర్శ కాదు. లూకా సువార్తలో కాపు లేని అంజూరపు చెట్టు కోసం తోటమాలి ఒక్క ఏడాది గడువు అడిగాడు, చుట్టూ తవ్వి ఎరువు వేసే పని తనే నెత్తిన వేసుకున్నాడు. 1842లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ హేయర్ కూడా మధ్యలో అమెరికా వెళ్లి వైద్యం చదువుకున్నారు. 1849లో ఆయన గురజాల చేరేనాటికి వయసు యాభై దాటింది. వాక్యంతో పాటు మందులూ ఇచ్చారు.

ఈ లెంటులో నరసరావుపేట, గురజాల సంఘాల్లో పట్టే కానుకలు పంట పోయిన ఒక్క ఇంటి కౌలు బాకీకైనా, పిల్లల ఫీజుకైనా చేరాలని నా కోరిక.