ఆదరణకు రెండు అర్థాలు: బర్మింగ్‌హామ్ విషాదం - మార్టిన్ లూథర్ కింగ్ సంస్మరణ ప్రసంగం

వ్యాస సంగ్రహం
1963లో అమెరికాలోని బర్మింగ్‌హామ్ నగరంలో ఒక చర్చిపై జరిగిన బాంబు దాడిలో నలుగురు నల్లజాతి బాలికలు మరణించారు. వారిలో ముగ్గురి అంత్యక్రియల్లో మార్టిన్ లూథర్ కింగ్ చేసిన ప్రసంగాన్ని ఈ వ్యాసం విశ్లేషిస్తుంది. క్రైస్తవ విశ్వాసమిచ్చే ఓదార్పు అన్యాయాన్ని మరిపిస్తుందా, నిలదీస్తుందా అన్న ప్రశ్నకు ఆ ప్రసంగ నిర్మాణంలోనే సమాధానం ఉందని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: సంస్మరణ ప్రసంగం, ఆదరణ, విమోచన, పౌరహక్కుల ఉద్యమం, క్రైస్తవ విశ్వాసం.

1. ఉపోద్ఘాతం
తెలుగు బైబిలు భాషలో ‘ఆదరణ’ అంటే ఓదార్పు. యోహాను సువార్తలో పరిశుద్ధాత్మ ‘ఆదరణకర్త’. వ్యవహారంలో అదే మాటకు గౌరవించడం, మన్నించి చేరదీయడం అనే అర్థాలున్నాయి. ఒక జాతిని తరతరాలుగా అనాదరించిన వ్యవస్థ ఆ జాతి పిల్లలను బలిగొన్నప్పుడు, గౌరవం లేని ఓదార్పు నిలుస్తుందా? కింగ్ ప్రసంగాన్ని పరిశీలించడానికి ఈ రెండర్థాల మాట తగిన ఆధారం.

2. నేపథ్యం
1963 ఆగస్టు 28న వాషింగ్టన్‌లో పౌరహక్కుల మహాప్రదర్శన జరిగింది. 18 రోజుల తర్వాత, సెప్టెంబర్ 15 ఆదివారం ఉదయం, 16వ వీధి బాప్టిస్ట్ చర్చిలో కూ క్లక్స్ క్లాన్ సభ్యులు అమర్చిన బాంబు పేలింది. మృతుల్లో ముగ్గురి వయసు 14 ఏళ్లు, ఒకరికి 11. ఆ రోజు ఆదివారపు బడి పాఠం క్షమించే ప్రేమ గురించి. పేలుడు ధాటికి ఒక రంగుటద్దాల కిటికీలోని క్రీస్తు ముఖం ఊడిపోయింది. విశ్వాసానికి ఆశ్రయమైన చోటే విషాదస్థలి కావడం వల్ల, విశ్వాసం నుంచి ఓదార్పు పొందడం మరింత కష్టమైంది. సెప్టెంబర్ 18న కింగ్ మాట్లాడవలసి వచ్చింది ఈ స్థితిలోనే.

3. మృతులకు స్వరం
ప్రసంగం ఓదార్పుతో కాక గౌరవ నివాళితో మొదలవుతుంది. బాలికలను కింగ్ నిస్సహాయ బలిపశువులుగా కాక ఒక పవిత్ర పోరాటంలో అమరులైన నాయికలుగా నిలబెడతారు. ఆపై మరణంలోనూ వారు మాట్లాడుతున్నారన్న కల్పన చేస్తారు. వారి మాట మొదట తాకేది హంతకులను కాదు, చర్చి గోడల భద్రతలో మౌనం వహించిన బోధకులను. తర్వాత ద్వేషాన్ని మేపిన రాజకీయ నాయకులను, రాజీపడిన కేంద్ర ప్రభుత్వాన్ని, చివరకు వేర్పాటును మౌనంగా భరించిన నల్లజాతీయులను. అదే ఏడాది ఏప్రిల్‌లో బర్మింగ్‌హామ్ జైలు నుంచి రాసిన లేఖలో శ్వేతజాతి మతపెద్దల మితవాదంపై ఆయన చేసిన విమర్శకు ఇది కొనసాగింపు. ఎవరు చంపారన్న ప్రశ్నతో ఆగకుండా, హంతకులను తయారుచేసిన వ్యవస్థను గురించి ఆలోచించమంటారు. కరుణరసం కన్నీటికే పరిమితం కాకుండా అభియోగంగా మారడం ఈ భాగంలోని విశేషం.

4. విమోచన భావనలోని చిక్కు
అన్యాయంగా అనుభవించిన బాధకు విమోచన శక్తి ఉంటుందని, దేవుడు చెడు నుంచి మేలును రాబట్టగలడని కింగ్ ప్రకటిస్తారు. శిలువ ఘట్టం నుంచి వచ్చిన ఈ భావన ఉద్యమానికి నిలదొక్కుకునే బలమిచ్చింది. అయితే పిల్లల మరణం సమాజ పరివర్తనకు సాధనమైతే, ఆ మూల్యాన్ని నిర్ణయించిందెవరు? 1993లో వెలువడిన గ్రంథంలో డెలోరెస్ విలియమ్స్ శిలువను పరార్థ బాధకు ఆదర్శంగా చూడడాన్ని విమర్శించారు. అలా చూస్తే నల్లజాతి స్త్రీలపై ఇతరులు మోపిన బాధ కూడా పవిత్రమైపోతుందని ఆమె ఆందోళన. ఈ ప్రసంగానికీ ఆ విమర్శ కొంతవరకు వర్తిస్తుంది. సమూహానికి అర్థవంతమైన మరణం తల్లికి అర్థవంతం కావాలని లేదు.

5. తల్లిదండ్రులతో సంభాషణ
ఈ ఎరుక ప్రసంగంలోనే ఉంది. కుటుంబాల వైపు తిరిగినప్పుడు కింగ్ స్వరం మారుతుంది. ఈ ఘడియలో ఓదార్చగల మాట దాదాపు లేదని ముందే ఒప్పుకుంటారు. చరిత్ర, పరివర్తన, విమోచన అనే వాదం చాలావరకు వెనక్కి తగ్గుతుంది. మరణం రాజునూ పేదనూ సమానంగా చూసే ప్రజాస్వామ్యమని అంటారు. ఓటుహక్కు కోసం పోరాడుతున్న జనానికి ఆ మాటలోని వ్యంగ్యం తెలియనిది కాదు. మరణాన్ని వాక్యం చివరి బిందువుగా కాక కామాగా పోల్చి నిత్యజీవ విశ్వాసాన్ని గుర్తుచేస్తారు. అయితే ఆ విశ్వాసాన్ని రుజువైన సత్యంగా కాక, ఓటమి ఎరుగని ఊహగా పేర్కొనడం గమనార్హం. దుఃఖితుల సందేహానికి ఆ మాట చోటిస్తుంది. చివర ఆయన ఇచ్చే హామీ కూడా కారణాల వివరణ కాదు, దేవుడు వెంట నడుస్తాడన్న సాన్నిహిత్యం. సమాజానికి అర్థం, తల్లిదండ్రులకు తోడు: ఈ రెండింటినీ ఒకదానితో ఒకటి కలిపేయకపోవడం ప్రసంగంలోని నైతిక సంయమనం.

6. ముగింపు
నిందితుల్లో ఒకరికి 1977లో, మిగిలినవారిలో ఇద్దరికి 2001, 2002లలో శిక్షపడింది. న్యాయం జరిగాకే ఓదార్పు అనుకుంటే ఆ కుటుంబాలు దశాబ్దాలు ఎదురుచూడవలసి వచ్చేది. న్యాయాన్ని వదిలేసిన ఓదార్పు అయితే మౌనబోధకుల పక్షాన చేరేది. కింగ్ ముందు మృతులకు గౌరవం, ఆపైనే బతికినవారికి ఓదార్పు ఇచ్చారు. విమోచన భావనలోని చిక్కును ప్రసంగం పూర్తిగా విప్పకపోయినా, దాని భారాన్ని తల్లిదండ్రులపై మోపలేదు. ‘ఆదరణ’ రెండర్థాలూ ఈ ప్రసంగంలో ఆ వరుసలోనే సార్థకమయ్యాయి. విషాదానంతర క్రైస్తవ సాహిత్యాన్ని అంచనా వేయడానికి ఈ వరుస ఒక ప్రమాణం కాగలదు.